పాకమా? పొడా?

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు పోయిన వారం వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. బీరు తయారీ సామాన్లు అమ్మే షాపులో రెండు అరలు. పై అరలో డబ్బాలు, కింది అరలో ప్లాస్టిక్ సంచుల్లో లేత గోధుమరంగు పొడి. ఫోటో కింద ఒకటే ప్రశ్న: "అన్నయ్యా, ఏది కొనాలి? త్వరగా చెప్పు, షాపు మూసేస్తున్నారు."

"పొడి కొను" అని పెట్టేశాను. ఆ రెండు మాటలు అంత ధీమాగా కొట్టడానికి నాకు నాలుగు బ్యాచ్‌ల బీరు, ఒక మాడిన గిన్నె, మా అమ్మ ఆరు నెలల విజిటర్ వీసా ఖర్చయ్యాయి. అదంతా వాట్సాప్‌లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది ధవళేశ్వరం. ఉండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ పక్కన. పాబ్స్ట్, ష్లిట్జ్, మిల్లర్ లాంటి బీరు కంపెనీలు పుట్టిన ఊరు కాబట్టి ఇక్కడ ఇంట్లో బీరు చేసుకుంటానంటే ఎవరూ వింతగా చూడరు. మన దగ్గర చేస్తే ఎక్సైజ్ వాళ్ళు తలుపు కొడతారు. ఇక్కడ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. ఈ వెసులుబాటు కూడా అంత పాతదేం కాదు. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి దారి దొరికింది గానీ బీరు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టేదాకా ఇంటి బీరు దొంగచాటు వ్యవహారమే. నాకు నచ్చే ముచ్చట ఇంకోటుంది. నిషేధం రోజుల్లో బీరు అమ్మే వీల్లేక ఇక్కడి బ్రూవరీలు మాల్ట్ సిరప్ డబ్బాల్లో పోసి అమ్మాయి. రొట్టెల్లో వేసుకోడానికి అని పైకి చెప్పేవాళ్ళు. అన్ని డబ్బాల సిరప్ రొట్టెల్లోకే పోయిందంటే నమ్మాలి మరి.

ఆ సిరప్పే ఇప్పుడు షాపు పై అరలో ఉండేది. లిక్విడ్ మాల్ట్ ఎక్‌స్ట్రాక్ట్. కింది అరలోది డ్రై మాల్ట్ ఎక్‌స్ట్రాక్ట్. మా ఇంట్లో ఒకటి పాకం, ఇంకోటి పొడి. రెండూ ఒకే తల్లి పిల్లలు. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్ళలో నానబెడితే అందులో ఉన్న పిండి చక్కెరగా మారుతుంది. ఇంట్లో రాగి మాల్ట్ చేసుకునేవాళ్ళకి మొలక దాకా ఇది తెలిసిన పనే. ఆ తియ్యటి నీళ్ళని ఫ్యాక్టరీలో వాక్యూమ్ కింద తక్కువ వేడి మీద ఇగరబెడతారు. నూటికి ఇరవై వంతుల నీళ్ళు మిగిలేసరికి ఆపేస్తే పాకం. అక్కడితో ఆపకుండా వేడిగాలిలోకి తుంపరగా కొట్టి పాలపొడి చేసినట్టు ఆరబెడితే పొడి. అంటే పాకం కొన్నప్పుడల్లా అయిదో వంతు నీళ్ళు కొంటున్నామన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోక దెబ్బతిన్నాను.

గింజల నుంచి మొదలుపెట్టి చేసే ఆల్-గ్రెయిన్ వాళ్ళకి మేమంటే కొంచెం చిన్నచూపు. ఫిల్టర్ కాఫీ వాళ్ళు ఇన్‌స్టంట్ కాఫీ వాళ్ళని చూసినట్టు చూస్తారు. చూడనివ్వండి. ఇద్దరు పిల్లలు, శనివారం పొద్దున కూచిపూడి క్లాసు, మధ్యాహ్నం సాకర్. వీటి మధ్య నాకు దొరికేది మూడు గంటలు. వాళ్ళకి గింజలు నానబెట్టి కడగడానికే అంతసేపు కావాలి.

మొదటి బ్యాచ్ జనవరిలో. కిట్టులో 3.3 పౌండ్ల పాకం డబ్బాలు రెండు వచ్చాయి. అయిదు గ్యాలన్ల పేల్ ఏల్‌కి, అంటే ఒక రకం లేత రంగు బీరుకి, సరిపోయే సరుకు. జనవరిలో మా బేస్‌మెంట్ ఎలా ఉంటుందో విస్కాన్సిన్‌లో ఒక్క చలికాలం గడిపినవాళ్ళకి తెలుస్తుంది. డబ్బా మూత తీస్తే లోపల పాకం కాదు, రోడ్డేసే తారు. గరిటెతో గీకి గీకి, మరిగే నీళ్ళలో ముద్దలు ముద్దలుగా పడేశాను. కింద స్టవ్వు ఫుల్లు మీద ఉంది. పాకం నీళ్ళకంటే బరువు కదా, కలిసేలోపే తిన్నగా అడుక్కి పోయి కూర్చుంది. రెండు నిమిషాల్లో నల్లటి పొరలు పైకి తేలాయి. పొంగలి అడుగంటితే వచ్చే వాసన.

ఆ బీరు 48 సీసాలయింది. మాడిన పరమాన్నంలో వేపాకు వేసినట్టుంది. పారబొయ్యడానికి మనసొప్పక మార్చి దాకా తాగాను. మా ఆవిడ ఆ గిన్నెని మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

రెండోసారి జాగ్రత్తపడ్డాను. డబ్బాల్ని ముందే ఇరవై నిమిషాలు వేడినీళ్ళలో నిలబెట్టాను. చలికాలంలో పేరుకున్న కొబ్బరినూనె సీసాకి చేసే వైద్యమే. గిన్నెని స్టవ్వు మీంచి దింపి, పాకం వంపి, అడుగు నుంచి గరిటె తిప్పి, మొత్తం కరిగిందని నమ్మకం కుదిరాకే మళ్ళీ పొయ్యి ఎక్కించాను. డబ్బా గోడలకి అంటుకున్నది కూడా వేడినీళ్ళతో కడిగి పోశాను. ఒక్క పొర మాడలేదు. బీరుకి చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పూలు టైముకి వేశాను, ఈస్టు బాగా పనిచేసింది. మూడు వారాల తర్వాత గ్లాసులో పోస్తే బంగారు రంగులో ఉండాల్సింది ఇత్తడి బిందె తోమక ముందు ఉండే రంగులో ఉంది. తాగితే మొదట బాగానే ఉంటుంది, మింగాక నాలుక వెనక ఏదో పాత రుచి మిగులుతుంది. ఇక్కడి వాళ్ళు దానికి ట్వాంగ్ అని పేరు పెట్టుకున్నారు.

చెత్తబుట్టలోంచి డబ్బా తీసి చూస్తే అడుగున తేదీ ఉంది. నేను కొనేనాటికే దాని వయసు పద్నాలుగు నెలలు.

తప్పు లిక్విడ్ ఎక్‌స్ట్రాక్ట్‌ది కాదు, ముసలి లిక్విడ్ ఎక్‌స్ట్రాక్ట్‌ది. అందులో చక్కెరలున్నాయి, ప్రోటీన్ల ముక్కలున్నాయి, నీళ్ళున్నాయి. ఈ మూడూ ఒకచోట ఉంటే చల్లటి డబ్బాలో కూడా మెల్లగా రంగు మారుతుంటాయి. పాలు ఇగిరి కోవా అయ్యేటప్పుడు గోధుమరంగు తెచ్చే మెయిలార్డ్ చర్యే ఇదీను. అక్కడ గంటలో అయ్యేది ఇక్కడ నెలలు పడుతుంది, అంతే. కొత్తగా వచ్చినప్పుడు పసుపుపచ్చగా ఉండే బెల్లం అటక మీద ఏడాది ఉంటే నల్లబడుతుంది చూడండి, అలాంటిదనుకోండి. పొడిలో తడి దాదాపు లేదు కాబట్టి ఈ వ్యవహారం చాలా నెమ్మది. షాపులో ఎన్నాళ్ళు కూర్చుందో తెలియని సరుకు కొనాల్సి వస్తే పొడి మీద నమ్మకం ఎక్కువ పెట్టుకోవచ్చు.

అందుకని మూడోసారి పొడికి మారాను. మారుతూ రెండు తప్పులు చేశాను.

మొదటిది లెక్కలో. రెసిపీలో 6.6 పౌండ్ల పాకం అని ఉంటే నేను 6.6 పౌండ్ల పొడి తూచి వేశాను. పాకంలో అయిదో వంతు నీళ్ళని పైన చెప్పాను కదా, ఆ మాట అప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఒక పౌండు పాకాన్ని నీళ్ళతో కలిపి మొత్తం ఒక గ్యాలన్ చేస్తే, చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ సుమారు 1.036 చూపిస్తుంది (ఉత్త నీళ్ళయితే 1.000), పొడి అయితే 1.044. అయిదు గ్యాలన్లకి 6.6 పౌండ్ల పాకం వేస్తే 1.048 దగ్గర వస్తుంది. అంతే బరువు పొడి వేస్తే 1.058. చూడ్డానికి చిన్న తేడా. సీసాలోకి వచ్చేసరికి అయిదు శాతం లోపు ఉండాల్సిన ఆల్కహాల్ ఆరుకి దగ్గరగా పోయింది. మరుసటి సంక్రాంతికి వచ్చిన స్నేహితుడు రెండో సీసాకే పౌరాణిక పద్యాలు అందుకున్నాడు. పాకం బరువుని 0.82తో గుణిస్తే సరిపోయే పొడి వస్తుంది. 6.6కి 5.4. స్టవ్వు పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది.

రెండో తప్పు చేతిపని. మరిగే గిన్నె మీద సంచి మూతి కత్తిరించి వంపాను. పొడి గాల్లో తడి పీల్చుకోవడంలో పంచదారని మించింది. ఆవిరి తగలగానే సంచి మూతి జీడిలా అతుక్కుపోయింది. కింద పడింది ఉండలు కట్టింది. పైన తడి, లోపల పొడి, గరిటెతో నొక్కితే జారిపోతాయి. వాటిని గోడకేసి నలుపుతుంటే ఇంకో పక్క నురగ లేచింది. స్టవ్వు, స్టవ్వు కింద డ్రాయరు, అందులో ఉన్న దోసె పెనం, అన్నీ తియ్యగా అయిపోయాయి. దోసె పెనం జోలికి పోకూడదు. ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో బీరు ఊసు లేదు.

నాలుగో బ్యాచ్ నాటికి అమ్మ వచ్చింది.

ఒక శనివారం కింద పోర్టబుల్ స్టవ్వు మీద నీళ్ళు పెట్టుకుని (వంటింట్లో ప్రవేశం లేదు కదా) పొడి సంచి కత్తిరించాను. అమ్మ మెట్ల మీంచి కేకేసింది.

"ఒరేయ్, హార్లిక్స్ ఎవరు కలుపుతున్నార్రా?"

ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. చిన్నప్పుడు గాలి మా వీధి వైపు తిరిగిన రోజు ఆ వాసన పట్టేది. ఈ పొడి సంచి విప్పిన ప్రతిసారీ ఎక్కడో పీల్చిన వాసన అనిపించేది గానీ, ఎక్కడిదో ఆమె అనేదాకా తట్టలేదు. హార్లిక్స్‌లో ఉండేది కూడా మొలకెత్తించిన బార్లీయే.

"హార్లిక్స్ కాదమ్మా, బీరు" అన్నాను.

అమ్మ ఏం మాట్లాడలేదు. సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో ఎమ్మార్వో ఆఫీసు దాకా ఊరేగింపులో నడిచిన మనిషి. మెట్లు దిగి వచ్చి, చేతులు కట్టుకుని, నేను చేసేది చూస్తూ నిలబడింది. నేను ఒక చెంచా వేశాను, ఉండ కట్టింది. ఇంకో చెంచా, ఇంకో ఉండ. తిడుతుందనుకున్నాను. ఆమె బాధ బీరు గురించి కాదు.

"ఏంట్రా అది, మరిగే నీళ్ళలో పిండి పోస్తావా? జన్మలో జావ కాచిన మొహమేనా?"

సంచి నా చేతిలోంచి లాక్కుంది. గిన్నె దింపమంది. ఇంకో గిన్నెలో రెండు లీటర్ల చన్నీళ్ళు పట్టమంది. పొడిని గుప్పెడు గుప్పెడుగా చల్లుతూ ఇంకో చేత్తో విస్క్ తిప్పింది. మొదట పైన తేలింది, తర్వాత తడిసింది, తర్వాత నిశ్శబ్దంగా కరిగిపోయింది. అయిదు నిమిషాల్లో గిన్నెలో పల్చటి దోసెపిండి రంగు నీళ్ళు. వేళ్ళతో తడిమి చూసింది, ఒక్క ఉండ లేదు. "ఇప్పుడు ఆ గిన్నెలో పొయ్యి" అంది. పోశాను. మళ్ళీ మరుగు వచ్చేటప్పుడు నురగ లేవబోతే, పొంగే పాల మీద చిలకరించినట్టు రెండు సార్లు చన్నీళ్ళు చిలకరించింది. నురగ అణిగింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, "తాగకపోతే ఏం పోయిందిరా" అని పైకి వెళ్ళిపోయింది.

రాగిజావ చేసే ప్రతి ఇంట్లో తెలిసిన సంగతి ఇది. పొడి మీద వచ్చే పెద్ద ఫిర్యాదు ఉండలు కట్టడమే, ఆ ఫిర్యాదు నా వరకు ఆ రోజుతో తీరిపోయింది. తడి చేత్తో సంచి ముట్టుకోకపోవడం, ఆవిరికి దూరంగా తూచుకోవడం, ముందు చన్నీళ్ళలో కలపడం. ఇంకేం లేదు.

ఇక రంగు సంగతి. పాకమైనా పొడైనా మొత్తం మొదట్లోనే వేసి గంటసేపు మరిగిస్తే రంగు ముదురుతుంది. పైగా నీళ్ళు చిక్కగా ఉంటే హాప్స్‌లోని చేదు సరిగ్గా దిగదు. అమ్మ వెళ్ళాక నేను పట్టిన పద్ధతి, మూడో వంతు మొదట్లో వేసి, మిగతాది దింపడానికి పదిహేను నిమిషాల ముందు వెయ్యడం. నాలాగా చిన్న గిన్నెలో మూడు గ్యాలన్లు కాచి తర్వాత చన్నీళ్ళు కలిపేవాళ్ళకి ఇది ఇంకా పనికొస్తుంది. దీనితో పాటు రంగు, రుచి కోసం వేసే క్రిస్టల్ మాల్ట్ గింజలు ఒక పౌండు గుడ్డమూటలో కట్టి, 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట నానబెట్టి తీసేస్తే, ఎక్‌స్ట్రాక్ట్ బీరు అని ఎవరూ వేలెత్తి చూపలేరు. మా ఆల్-గ్రెయిన్ మిత్రుడొకడు తాగి, ఏ మాల్ట్ వాడావని అడిగాడు. సంచి చూపించలేదు.

డబ్బు విషయంలో పెద్ద గొడవ లేదు. పౌండు లెక్కన పాకం చవక. నీళ్ళు తీసేసి లెక్కేస్తే మా షాపులో రెండూ దగ్గర దగ్గరే. తేడా మిగులులో ఉంది. పాకం డబ్బా తెరిస్తే మొత్తం వాడెయ్యాలి. సగం మిగిల్చి పెడితే, ఫ్రిజ్‌లో పెట్టినా కొన్నాళ్ళకి బూజు. పొడి మిగిలితే గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసుకోవచ్చు. మూత సరిగ్గా పడకపోతే మాత్రం వారంలో రాయి. అలాంటి రాయిని రోకలితో కొట్టిన అనుభవం కూడా ఉంది నాకు. మిగిలిన ఆ పొడే ఈస్ట్ స్టార్టర్‌కి పనికొస్తుంది. లీటరు నీళ్ళకి వంద గ్రాములు కలిపి, మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వదిలితే అది కడుపునిండా తిని బలిసి రెడీగా ఉంటుంది. గ్రాముల్లో తూచాలంటే పాకంతో ప్రాణం విసిగిపోతుంది. చెంచాకి సగం, వేళ్ళకి సగం.

పాకాన్ని పూర్తిగా వదిలేశానా అంటే లేదు. మా షాపులో ఒక పెద్ద డ్రమ్ము ఉంది, ఇక్కడికి గంటన్నర దూరంలో చిల్టన్‌లో ఉండే బ్రీస్ అనే మాల్ట్ కంపెనీ వాళ్ళ సరుకు. కావలసినంత జగ్గులోకి పట్టి తూచి ఇస్తారు. వారాంతాల్లో ఆ డ్రమ్ము ముందు క్యూ ఉంటుంది కాబట్టి పాతబడే అవకాశం తక్కువ. అలాంటి తాజా పాకానికి నేను వంక పెట్టను. స్టౌట్, పోర్టర్ లాంటి నల్ల బీర్లకి అదే పట్టుకొస్తాను, కాస్త రంగు ముదిరినా అందులో ఎవరికి కనిపిస్తుంది? మ్యూనిక్, రై లాంటి వేరే మాల్ట్ రకాలు కావాలన్నా మా షాపులో పాకంగానే దొరుకుతాయి. లేత రంగు బీరు చెయ్యాలన్నా, తేదీ కనిపించని డబ్బా ఎదురైనా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి వచ్చినా పొడే. జూలై ఎండలో ట్రక్కులో మూడు రోజులు ఉడికిన పాకం నాకొద్దు.

హార్లిక్స్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అమ్మని ఒక ఆదివారం రసీన్ తీసుకెళ్ళాను, మిల్వాకీకి దక్షిణంగా మిషిగన్ సరస్సు ఒడ్డున ఉండే ఊరు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన జేమ్స్, విలియం హార్లిక్ అన్నదమ్ములు మాల్ట్ వ్యాపారం నడిపింది అక్కడే. మాల్టుని పాలతో కలిపి ఆరబెట్టి పొడి చేసే పద్ధతికి 1883లో విలియం పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఊళ్ళో ఆయన పేరుతో హైస్కూలు కూడా ఉంది. దాని బోర్డు ముందు అమ్మ చీరా స్వెటరూ సర్దుకుని ఫోటో దిగింది. "మన ధవళేశ్వరం సరుకు వీళ్ళెప్పుడు నేర్చుకున్నారు" అంది. నేను సరిదిద్దలేదు.

ఆ నెలాఖరున స్టార్టర్ కలుపుదామని కింది అరలో స్టీలు డబ్బా తీశాను. పౌండున్నర ఉండాల్సిన పొడి అడుగున రెండు గుప్పెళ్ళుంది. పురుగు పట్టి పారేశారా అని మా ఆవిడని అడిగాను. ఆవిడ నవ్వి పైకి చూపించింది.

అమ్మ సోఫాలో కూర్చుని స్టీలు గ్లాసుతో వేడిపాలు తాగుతోంది. మూడు వారాలుగా రోజూ రాత్రి రెండు చెంచాలు కలుపుకుంటోందట. "హార్లిక్స్ కన్నా ఇదే బాగుందిరా, అంత తీపి లేదు" అంది. "బీరులో పోసి పాడుచెయ్యకుండా ఇంకో డబ్బా తెప్పించు."

అమ్మ వెళ్ళి ఏడాదైంది. ఆర్డరు పెట్టేటప్పుడు ఇప్పటికీ ఒక పౌండు ఎక్కువ పెడుతున్నాను. మా చిన్నదానికి అలవాటు చేసి వెళ్ళింది.